కలకత్తా తోటలో యుద్ధఖైదీ: నథానియెల్ వాలిక్

వృక్షశాస్త్రం చదువుకునేవారికి ఒక పద్ధతి తెలిసే ఉంటుంది. మొక్క శాస్త్రీయనామం రాశాక దాని పక్కన ఒకటి రెండు పొట్టి పేర్లు రాస్తారు. ఆ మొక్కకు ఆ పేరు పెట్టినవారి గుర్తు అది. మన పొలంగట్ల మీద కనిపించే నేలవేమునే తీసుకోండి. దాని పేరు ఆండ్రోగ్రాఫిస్ పానిక్యులేటా. పాత పుస్తకాలలో ఆ పేరు చివర 'వాల్. ఎక్స్ నీస్' అని ఉంటుంది. మన అడవులలో పెరిగే చిరుమాను పేరు పక్కన అయితే 'రాక్స్‌బ్.', 'వాల్.' రెండూ కనిపిస్తాయి. రాక్స్‌బ్. అంటే విలియం రాక్స్‌బర్గ్. సామర్లకోటలో ఏళ్ళ తరబడి పనిచేసినవాడు కాబట్టి ఆయన పేరు మనవారిలో కొందరికైనా తెలుసు. మరి ఈ 'వాల్.' ఎవరు?

ఆయన పూర్తిపేరు నథానియెల్ వాలిక్. దాదాపు ముప్పై సంవత్సరాలు కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా ఉన్నాడు. ఆ తోటతో ఆయనకు సంబంధం ఏర్పడింది మాత్రం ఉద్యోగిగా కాదు, యుద్ధఖైదీగా. అక్కడి నుంచి ఆయన జీవితంలో ప్రతి పెద్ద మలుపు వెనుకా ఒక యుద్ధం ఉంది. మొక్కలు ఏరుకునే మనిషికీ ఫిరంగులకూ ఏమిటి సంబంధం అని మీకు అనిపించవచ్చు. ఈ వ్యాసంలో మనం చూడబోయేది ఆ సంబంధాన్నే.

వాలిక్ 1786 జనవరి 28న డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగన్‌లో ఒక యూదు వర్తకుని ఇంట పుట్టాడు. శస్త్రవైద్యం చదివాడు. చదువుతో పాటే మొక్కల మీద ఆసక్తి పెరిగింది. ఆ రోజులలో వైద్యుడికి మూలికల జ్ఞానం తప్పనిసరి కాబట్టి ఇది వింత కాదు. బెంగాలులో హుగ్లీ నది పడమటి ఒడ్డున, కలకత్తాకు కొద్ది మైళ్ళు ఎగువన, డేన్ల వర్తకస్థావరం ఒకటి ఉండేది. దాని పేరు శ్రీరాంపూర్. డేన్లు తమ రాజు పేరు మీద దానిని ఫ్రెడరిక్స్‌నగర్ అనేవారు. ఆ చిన్న ఊరికి సర్జన్‌గా నియమితుడై, ఇరవై ఒక్క ఏళ్ళ వాలిక్ 1807లో ఓడ ఎక్కాడు.

ఆయన సముద్రం మీద ఉండగానే ఐరోపాలో నెపోలియన్ యుద్ధాలు ముదిరాయి. డెన్మార్కు నౌకాదళం నెపోలియన్ చేతికి చిక్కుతుందన్న భయంతో బ్రిటిష్‌వారు 1807 సెప్టెంబరు మొదటివారంలో కోపెన్‌హాగన్ నగరం మీదే ఫిరంగిగుండ్లు కురిపించారు. వేలాది ఇళ్ళున్న నగరం రోజుల తరబడి మండింది. డెన్మార్కు నెపోలియన్ పక్షాన చేరింది. ఆ నవంబరులో వాలిక్ శ్రీరాంపూర్‌లో దిగేనాటికి ఈ వార్త ఇంకా బెంగాలుకు చేరలేదు. అప్పట్లో ఐరోపా సమాచారం ఓడ మీద రావడానికి నాలుగైదు నెలలు పట్టేది. వార్త వచ్చాక కంపెనీ సేనలు ఆలస్యం చేయలేదు. 1808 ఆరంభంలో శ్రీరాంపూర్‌ను ఆక్రమించుకున్నాయి. కొత్త డాక్టరు ఉద్యోగంలో కుదురుకోకముందే ఖైదీ అయ్యాడు.

ఇక్కడ మనం ఒకసారి నది దిగువకు, శిబ్‌పూర్‌కు వెళ్ళాలి. కలకత్తాకు ఎదుటి ఒడ్డున హౌరా వైపు ఉన్న ఆ తోటను 1787లో రాబర్ట్ కిడ్ అనే సైనికాధికారి ప్రారంభించాడు. అందచందాల కోసం పెట్టిన తోట కాదది. ఓడలు కట్టడానికి టేకు, వ్యాపారానికి సుగంధద్రవ్యాలు, కరువులో ఆదుకునే ఆహారపు చెట్లు పెంచడం ఆయన ఉద్దేశం. కిడ్ మరణం తరువాత, 1793లో, తోట బాధ్యత రాక్స్‌బర్గ్‌కు వచ్చింది.

రాక్స్‌బర్గ్ అంతకుముందు మన ప్రాంతంలో ఉన్నాడని చెప్పుకున్నాం కదా. నేటి కాకినాడ జిల్లాలోని సామర్లకోటలో ఆయన మిరియాల వంటి పంటలతో ప్రయోగాలు చేశాడు. కోస్తా అడవులలోని మొక్కలను సేకరించి, ఇక్కడి చిత్రకారుల చేత వాటి బొమ్మలు వేయించాడు. ప్రజలు ఏ మొక్కను ఏమంటారో అడిగి తెలుగు పేర్లు రాసుకున్నాడు. ఆ బొమ్మలు, వివరణలు కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంగా 1795 నుంచి లండన్‌లో అచ్చయ్యాయి. మూడు పెద్ద సంపుటాలు, మూడువందల చిత్రాలు. చిత్రాలు గీసిన మనవారి పేర్లు మాత్రం ఆ పుస్తకంలో లేవు. కలకత్తా వెళ్ళాక కూడా ఆయన రాసిన మొక్కల వర్ణనలలో బెంగాలీ, సంస్కృత నామాల పక్కన తెలుగు నామాలు కనిపిస్తూనే ఉంటాయి. వాలిక్ చేతికి వచ్చిన శాస్త్రసంపదలో మన తీరం వాటా చిన్నదేమీ కాదు.

ఖైదీలలో మొక్కలు తెలిసిన యువకుడు ఒకడున్నాడన్న సంగతి కలకత్తాలో తెలియడానికి ఎంతోకాలం పట్టలేదు. అతని విద్వత్తును చూసి 1809లో కంపెనీవారు పెరోల్ మీద విడిచిపెట్టారు. పెరోల్ అంటే ఈనాడు మనం జైళ్ళ వార్తలలో చదివే అర్థం కాదు. పారిపోనని, ఆయుధం పట్టనని మాట ఇచ్చి బయట తిరిగే సౌకర్యం. అప్పటికే వృద్ధుడైన రాక్స్‌బర్గ్ ఆ కుర్రవాణ్ణి చేరదీశాడు. ఒకడు గెలిచినవారి ఉద్యోగి, ఒకడు ఓడినవారి పౌరుడు. ఇద్దరి మధ్యా ఉన్నది లిన్నేయస్ పద్ధతిలో మొక్కలను వర్గీకరించే విద్య. ఆ విద్యకు అప్పట్లో ఉమ్మడి భాష లాటిన్.

శ్రీరాంపూర్‌లోనే ఉన్న మరో వ్యక్తి విలియం కేరీ. మతప్రచారకుడిగా, ముద్రణాలయ స్థాపకుడిగా మీరు ఆయన పేరు విని ఉంటారు. ఆయన స్వయంగా తోటపని పిచ్చివాడు, రాక్స్‌బర్గ్‌కు మిత్రుడు. 1814లో తెలుగు వ్యాకరణం ఒకటి రాసి అచ్చువేసింది కూడా ఈ కేరీయే. రాక్స్‌బర్గ్ అనారోగ్యంతో 1813లో దేశం విడిచి, 1815లో ఎడిన్‌బరోలో కన్నుమూశాడు. ఆయన రాతప్రతిగా వదిలిపెట్టిన 'ఫ్లోరా ఇండికా' మొదటి రెండు సంపుటాలను కేరీ 1820లో, 1824లో శ్రీరాంపూర్‌లో అచ్చువేయించాడు. వాటిలో కొత్త మొక్కలను చేర్చే పని వాలిక్ చేశాడు.

దానికన్నా ముందు జరిగిన ఒక సంఘటనను ఇక్కడ చెప్పుకోవాలి. 1814 ఫిబ్రవరి 2న వాలిక్ కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీకి ఒక లేఖ రాశాడు. సొసైటీ ఒక మ్యూజియం ఏర్పాటు చేయాలని, అందుకు తన సొంత సేకరణలలోని నమూనాలు ఇస్తానని, దానిని తానే చూసుకుంటానని ఆ లేఖ సారాంశం. సొసైటీ ఒప్పుకుంది. కలకత్తా వెళ్ళినవారు తప్పక చూసే ఇండియన్ మ్యూజియం పుట్టుక అదే. తేదీని ఒకసారి గమనించండి. డెన్మార్కు, బ్రిటన్‌ల మధ్య సంధి జరిగింది 1814 జనవరి 14న. ఆ వార్త బెంగాలుకు చేరడానికి ఇంకా నెలలు పడుతుంది. అంటే, కలకత్తాలో అందరికీ తెలిసినంతవరకు, ఆ లేఖ రాసిన రోజున వాలిక్ ఇంకా శత్రుదేశపు పౌరుడే. భారతదేశపు తొలి మ్యూజియానికి పునాది వేసింది అలాంటి మనిషి! తరువాత కంపెనీ ఆయనను అసిస్టెంట్ సర్జన్‌గా తన కొలువులోకి తీసుకుంది. 1815లో శ్రీరాంపూర్‌ను డేన్లకు తిరిగి ఇచ్చేశారు కానీ వాలిక్ వెనక్కి వెళ్ళలేదు. 1817లో వృక్షోద్యానానికి స్థిరమైన సూపరింటెండెంట్ అయ్యాడు.

ఇక్కడి నుంచి యుద్ధానికీ ఆయనకూ ఉన్న సంబంధం తలకిందులవుతుంది. ఇంతవరకు యుద్ధం ఆయనను పట్టుకుంది. ఇకపై యుద్ధం ఆయనకు దారులు తెరుస్తుంది.

1814 నుంచి 1816 వరకు కంపెనీకి, నేపాలుకు యుద్ధం జరిగింది. సుగౌలీ సంధి ప్రకారం ఖాట్మండులో బ్రిటిష్ రెసిడెంటును ఉంచడానికి నేపాలు ఒప్పుకోక తప్పలేదు. అలా వెళ్ళిన ఎడ్వర్డ్ గార్డ్‌నర్ అక్కడి నుంచి మొక్కలు, విత్తనాలు కలకత్తాకు పంపడం మొదలుపెట్టాడు. 1820లో వాలిక్ స్వయంగా వెళ్ళి ఏడాదిపాటు అక్కడే ఉన్నాడు. ఖాట్మండు లోయ దాటి వెళ్ళే అనుమతి పరదేశీయులకు ఉండేది కాదు. అందుకని గోసాయిఠాన్ వంటి ఎత్తైన పుణ్యక్షేత్రాలకు వెళ్ళే యాత్రికుల చేత అక్కడి మొక్కలు తెప్పించుకున్నాడు. హిమాలయ పుష్పసంపద గురించి ఐరోపా పండితులు చదివిన తొలి వర్ణనలలో చాలావాటికి ఆధారం, దైవదర్శనానికి వెళ్ళి దోసిట్లో మొక్కలు పట్టుకొచ్చిన ఆ అనామకులే. నేపాల్ మొక్కల మీద ఆయన 1824 నుంచి వెలువరించిన గ్రంథం మన దేశంలో లితోగ్రఫీ పద్ధతిలో అచ్చయిన తొలి పుస్తకాలలో ఒకటి. నేపాలు నుంచి జబ్బుతో తిరిగివచ్చి, ఆరోగ్యం కోసం 1822లో సింగపూర్ వెళ్ళి, అక్కడ కూడా రాఫిల్స్‌తో కలిసి ఒక తోటకు రూపకల్పన చేశాడు. ఆయనకు విశ్రాంతి అంటే అదే కాబోలు.

బర్మా సంగతి వేరు. దీనిని కొంచెం నిదానంగా చూద్దాం.

1824 మార్చిలో కంపెనీ బర్మా మీద యుద్ధం ప్రకటించింది. అప్పటి గవర్నర్ జనరల్ లార్డ్ ఆమ్హెర్స్ట్. రంగూన్ మీదికి ఓడలలో వెళ్ళిన సైన్యంలో పెద్దభాగం మద్రాసు సిపాయిలు. వారిలో తెలుగునాట నుంచి చేరినవారూ ఉన్నారు. బెంగాలు సిపాయిలు సముద్రం దాటడానికి జంకారు. సామాన్లు మోయడానికి ఎద్దులు, బండ్లు ఇవ్వకుండా నడవమంటే ఎలా అని అడిగారు. 1824 నవంబరులో బారక్‌పూర్‌లో ఒక పటాలం కదలమని మొండికేస్తే, దానిపై ఫిరంగులు పేల్చారు. చాలామంది చనిపోయారు. బారక్‌పూర్ ఎక్కడుందో తెలుసా? నదికి ఈవల బారక్‌పూర్, ఆవల శ్రీరాంపూర్. ఒకనాడు వాలిక్ ఖైదీ అయిన ఊరికి సరిగ్గా ఎదుటి ఒడ్డు. రెండేళ్ళ యుద్ధంలో కంపెనీ పక్షాన సుమారు 15,000 మంది మరణించారని చరిత్రకారులు చెబుతారు. వారిలో అత్యధికులు జ్వరాలకు, విరేచనాలకు బలైనవారే. బర్మీయులు ఎందరు పోయారో లెక్క లేదు.

1826 ఫిబ్రవరి 24న యాండబో సంధి కుదిరింది. అరకాన్, టెనాసెరిమ్ తీరాలు కంపెనీకి దక్కాయి, అస్సాం మీద బర్మా తన హక్కు వదులుకుంది. అదే ఏడాది కంపెనీ దూతగా జాన్ క్రాఫర్డ్ 'డయానా' అనే పొగఓడ మీద ఐరావతీ నది వెంట ఆవా రాజధానికి బయలుదేరాడు. ఆ బృందంలో వాలిక్ ఉన్నాడు. పువ్వుల కోసమే పంపారనుకుంటే పొరపాటు. కంపెనీ ఆయనకు అప్పగించిన పని టేకు అడవులను పరిశీలించడం. నెపోలియన్ యుద్ధాలలో ఇంగ్లండు ఓక్ కలప చాలావరకు ఓడలకే ఖర్చయిపోయింది. ఉప్పునీటికి, చెదలకు తట్టుకునే టేకు దానికి ప్రత్యామ్నాయం. గెలుచుకున్న నేల మీద అది ఎంత ఉందో చెప్పగలిగినవాడు వృక్షశాస్త్రజ్ఞుడే.

1827లో ఆయన టెనాసెరిమ్ అడవులు తిరిగి చూశాడు. అక్కడి టేకును వర్తకులకు వదిలేయక, ప్రభుత్వమే తన అధీనంలో ఉంచుకోవాలని సూచించాడు. కంపెనీ ఆ సూచనను కొద్దికాలమే పాటించింది. 1829లో ఆ అడవులను ప్రైవేటు వర్తకులకు తెరిచింది. మోల్మీన్ రేవు కలపతో నిండిపోయింది, కొండలు బోసిపోయాయి. మన దేశంలో అటవీశాఖ ఏర్పడింది 1864లో. దానికి దాదాపు నలభై ఏళ్ళ ముందే ఒక ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞుడు ఈ మాట చెప్పి ఉన్నాడు. అయితే ఆయన కోరింది అడవి బతకాలని కాదు, ఓడలకు కలప తరగకూడదని. ఈ రెంటికీ తేడా ఉంది. ఆ తేడాను మీరు చరిత్ర పుస్తకాలలో చదివేటప్పుడు గుర్తుపెట్టుకోండి.

ఆ పర్యటనలోనే మార్టబాన్ దగ్గర, సాల్వీన్ నది ఒడ్డున, శిథిలమైన ఒక బౌద్ధవిహారం తోటలో ఆయనకు ఒక చెట్టు కనిపించింది. ఆకుల మధ్య నుంచి దీపాలగుత్తులలా వేలాడే ఎర్రని పూలు, వాటి రెక్కల మీద పసుపుపచ్చ మచ్చలు. దగ్గరలోని గుహలో బుద్ధుని విగ్రహాల ముందు భక్తులు ఆ పూలనే పెట్టేవారు. భారతదేశపు పూలచెట్లలో దీనిని మించినది లేదని వాలిక్ భావించాడు. ఆ దేశస్థులు తరతరాలుగా పిలుచుకునే పేరు దానికి ఉండనే ఉంది. వాలిక్ పెట్టిన పేరు ఆమ్హెర్స్టియా నోబిలిస్. గవర్నర్ జనరల్ భార్య ఆమ్హెర్స్ట్ దొరసానికి, ఆమె కూతురికి అది కానుక. వారిద్దరికీ మొక్కలంటే నిజంగానే ఇష్టం. అయినా ఆ దేశం మీద యుద్ధం ప్రకటించినవాని ఇంటిపేరు ఆ దేశపు దేవతార్చన పువ్వుకు శాశ్వతంగా అంటుకుంది. ఇప్పటికీ శాస్త్రీయంగా దానికి వేరే పేరు లేదు. వృక్షనామాల నియమాలు అలాంటివి, ముందు ప్రచురించినవానిదే చెల్లుబాటు.

1828లో వాలిక్ సెలవు మీద లండన్ వెళ్ళాడు. వట్టిచేతులతో వెళ్ళలేదు. రాక్స్‌బర్గ్ కాలం నుంచి తోటలో పోగైన ఎండుమొక్కల నమూనాలలో, అంటే హెర్బేరియంలో, అధికభాగాన్ని ఓడలో వెంట తీసుకువెళ్ళాడు. తరువాతి నాలుగేళ్ళు వాటిని విడదీసి, అంకెలు వేసి, ఐరోపాలోని పదుల సంఖ్యలో సంస్థలకు, పండితులకు పంచాడు. ఆయన తన చేతిరాతతోనే లితోగ్రఫీ చేయించిన జాబితాలో సంఖ్యలు 9,000 దాటాయి. పంచడంలో ఆయనకు ఉదారబుద్ధి ఉంది. జర్మనీలో నీస్ ఫాన్ ఎసెన్‌బెక్ అనే పండితునికి అడ్డసరం కుటుంబపు మొక్కలను అప్పగించాడు. ఆయన వర్ణించిన వాటిలోనే మన నేలవేము ఉంది. 'ఎక్స్' అన్న మాటకు అర్థం, పేరు ఒకరు సూచించగా మరొకరు ప్రచురించారని. ఈనాటి జాబితాలలో నీస్ పేరు ఒక్కటే రాస్తున్నారు.

మరి కలకత్తాకు మిగిలిందేమిటి? చాలా తక్కువ. కంపెనీ తన వంతుగా ఉంచుకున్న ప్రధాన సేకరణను 1832లో లండన్‌లోని లిన్నేయన్ సొసైటీకి ఇచ్చింది. అది 1913లో క్యూ వృక్షోద్యానానికి చేరింది. నేపాలు మొక్క అయినా, బర్మా మొక్క అయినా, వాలిక్ వర్ణించిన మూలనమూనాను చూడాలంటే భారతీయ విద్యార్థి ఎన్నో ఏళ్ళు లండన్ దాకా వెళ్ళవలసి వచ్చేది. వాలిక్ పక్షాన ఒక మాట చెప్పవచ్చు. చెమ్మకు, పురుగుకు కలకత్తాలో ఎండుమొక్కలు పాడైపోయేవి, పోల్చి చూసే గ్రంథాలు అక్కడ తక్కువ. ఇది నిజమే. కానీ జాగ్రత్తచేయడానికి తీసుకువెళ్ళినది తిరిగి రాలేదన్నదీ నిజమే.

ఆ లండన్ సంవత్సరాలలోనే, 1829 నుంచి 1832 వరకు, ఆయన 'ప్లాంటే ఏషియాటికే రేరియోరెస్' అనే మూడు సంపుటాల గ్రంథాన్ని ప్రచురించాడు. ఆసియాలోని అరుదైన మొక్కలు అని అర్థం. దాదాపు మూడువందల రంగుల చిత్రాలున్న ఆ గ్రంథంలో ఒక మేలు మాత్రం జరిగింది. కలకత్తా తోటలో పనిచేసిన చిత్రకారుల పేర్లు మనకు దక్కాయి. విష్ణుప్రసాద్, గోరాచంద్. ఆమ్హెర్స్టియాను అచ్చులో చూసి ఐరోపా తోటల యజమానులు మనసు పారేసుకున్నది విష్ణుప్రసాద్ వంటివారి కుంచె మూలంగానే. సామర్లకోట చిత్రకారులకు ఆ అదృష్టం కూడా లేకపోయింది.

తేయాకు కథను క్లుప్తంగా చెబుతాను. అస్సాం అడవులలో తేయాకు చెట్లున్నాయని రాబర్ట్ బ్రూస్ 1823లో తెలుసుకున్నాడు. బర్మా యుద్ధంలో తుపాకీ పడవలు నడిపిన అతని తమ్ముడు చార్లెస్ ఆ మొక్కలను అధికారులకు అందించాడు. కలకత్తాకు వచ్చిన ఆకులను చూసి వాలిక్ ఇది తేయాకు కాదు, కమేలియా అన్నాడు. పువ్వు, కాయ లేకుండా ఆకు చూసి చెప్పడం కష్టమే. 1834లో కాయలతో సహా నమూనాలు వచ్చాక తేయాకేనని ఆయన సభ్యుడిగా ఉన్న సంఘమే ఒప్పుకుంది. దాదాపు పదేళ్ళు వృథా అయ్యాయి. తమాషా ఏమిటంటే, తరువాతి శాస్త్రజ్ఞులు తేయాకును కమేలియా ప్రజాతిలోనే చేర్చారు. మీ పాఠ్యపుస్తకంలో తేయాకు పేరు కమేలియా సైనెన్సిస్ అనే ఉంటుంది!

1835-36లో అస్సాం తోటలు చూడడానికి వెళ్ళిన బృందంలో విలియం గ్రిఫిత్ అనే యువ వృక్షశాస్త్రజ్ఞుడికీ వాలిక్‌కూ మొదలైన విభేదం చివరిదాకా తీరలేదు. గ్రిఫిత్ కూడా సైన్యం వెంట మొక్కలు ఏరినవాడే. కంపెనీ సేనలు 1839లో అఫ్గానిస్తాన్ మీదికి వెళ్ళినప్పుడు ఆయన వాటితో నడిచాడు. 1842లో వాలిక్ ఆరోగ్యం బాగులేక దక్షిణాఫ్రికా వెళితే, తోట రెండేళ్ళు గ్రిఫిత్ చేతికి వచ్చింది. తోట వర్గీకరణను అనుసరించి ఉండాలని ఆయన పట్టుదల. నీడనిచ్చే పాత చెట్ల వరుసలను నరికించి మడులు వేయించాడు. 1844లో తిరిగివచ్చిన వాలిక్ తాను పెంచిన తోటను పోల్చుకోలేకపోయాడు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో గ్రిఫిత్ మలక్కాలో జబ్బుచేసి చనిపోయాడు. ఆయన వయస్సు 34.

అదే 1845 ఫిబ్రవరిలో డెన్మార్కు మన దేశంలోని తన స్థావరాలను కంపెనీకి అమ్మివేసింది. తమిళ తీరంలోని తరంగంబాడి, హుగ్లీ ఒడ్డున శ్రీరాంపూర్, అన్నీ కలిపి పన్నెండున్నర లక్షల రూపాయలు. ఒకసారి యుద్ధం చేసి పట్టుకుని, సంధి చేసుకుని తిరిగి ఇచ్చిన ఊరిని ఈసారి డబ్బిచ్చి కొనుక్కున్నారు. వాలిక్ అప్పటికి ఇంకా శిబ్‌పూర్ తోటలోనే ఉన్నాడు. 1846లో పదవీ విరమణ చేసి ఇంగ్లండు వెళ్ళిపోయాడు. 1854 ఏప్రిల్ 28న లండన్‌లో మరణించాడు.